ఎర్రచందనం కాయను మొలిపించడం ఎలా?

ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం కొండల్లో దొంగ రంపాలు దాన్ని కోస్తూనే ఉన్నాయి, వేసవి కార్చిచ్చులు లేత మొక్కలను మిగలనివ్వడం లేదు. తిరుపతి చుట్టుపక్కల కాస్త చేను ఉన్నవారు నాలుగు మొక్కలు పెంచితే ఎంతో మేలు. కానీ కాయలను అలాగే మట్టిలో గుచ్చి, "ఇవి మొలవవు" అని తేల్చేసేవారిని చూసి చూసి విసుగొచ్చింది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు, పట్టా భూముల్లోని చెట్ల కింద ఎండుకాయలు ఏరుకోండి. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో ఏరడం నేరం. ఒకే చెట్టువి కాకుండా, దూరదూరంగా ఉన్న నాలుగైదు చెట్లవి కలపండి. పాలిథిన్ సంచుల్లోకి ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు చాలు.

అసలు కష్టం కాయను నానబెట్టడంలోనే ఉంది. ముందు చుట్టూ ఉన్న రెక్కను కత్తెరతో తీసేయండి. గింజ కోసం సుత్తితో కొట్టకండి, లోపలి పప్పు నలిగిపోతుంది. కళ్లాపి కంటే చిక్కగా పేడనీళ్లు కలిపి, కాయలను మూడు రోజులు ముంచి ఉంచండి. ఆ నీళ్లు రోజూ మార్చాలి. మార్చకపోతే కాయలు కుళ్లుతాయి, తప్పు మాత్రం విత్తనం మీదికి పోతుంది.

గంధకామ్లంలో (సల్ఫ్యూరిక్ యాసిడ్) ముంచితే త్వరగా మొలుస్తాయని కొందరు చెబుతారు. ఇంట్లో ఆ పని వద్దే వద్దు: చేతులు కాలతాయి, ఎక్కువసేపు ఉంచితే గింజా చస్తుంది. ఇంట్లో చేసుకోవడానికి పేడ పద్ధతే మేలు.

నానిన కాయలను కడిగి, ఇసుక మడిలో పడుకోబెట్టి, సన్నగా ఇసుక కప్పండి. పలచని నీడ ఉండాలి. పైపొర ఆరాకే నీళ్లు చిలకరించండి. రెండు వారాలకు మొలకలు మొదలైనా, అన్నీ ఒకేసారి రావు, నెల దాటాక వచ్చేవీ ఉంటాయి. మొలిచిందో లేదోనని తవ్వి చూడకండి. ఈ ఆత్రానికి గింజలు చస్తాయి.

రెండాకులు విప్పిన మొక్కను, కాండం కాకుండా ఆకు పట్టుకుని సంచిలోకి మార్చండి. వేళ్లు నేలలోకి దిగకుండా నెలకోసారి సంచులను కదపండి. మరుసటి వానకాలంలో, ఎండ బాగా తగిలే గులకరాతి నేలలో నాటండి. వరిమడి పక్కన మాత్రం వద్దు, నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది.