రసాయన చర్య జరుగుతుందా, జరగదా? పాఠం 4: ఆక్సైడ్ దేనికోసం చూస్తుంది?

ఆమ్లం, క్షారం కలిస్తే నీరు ఎలా పుడుతుందో పోయిన పాఠంలో చూశాం. ఈసారి కూడా కీలకం ఆ నీరే.

రెండు పరీక్షనాళికల్లో చిటికెడు చొప్పున నల్లటి కాపర్ ఆక్సైడ్ పొడి వేయండి. ఒకదాంట్లో సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, రెండోదాంట్లో ఉప్పునీళ్లు పోసి సన్నని మంట మీద వేడి చేయండి. కళ్లద్దాలు తప్పనిసరి. మొదటిదాంట్లో నలుపు మెల్లగా మాయమై ద్రావణం నీలంగా మారుతుంది. రెండోదాంట్లో ఎంతసేపు మరిగించినా పొడి నల్లగానే ఉంటుంది. మంట తీశాక అడుగుకు చేరుతుంది, పైన నీళ్లకు రంగే రాదు.

ఎందుకలా? ఆక్సైడ్ అయాన్ మీద రెండు రుణావేశాలు ఉంటాయి. హైడ్రోజన్ అయాన్ దొరికితే చాలు, లాగేసుకుంటుంది. రెండు దొరికితే నీరైపోతుంది. నీరు చాలా స్థిరమైనది కాబట్టి ఆ ఆక్సిజన్ మళ్లీ కాపర్ దగ్గరికి రాదు. విడిపోయిన కాపర్ అయాన్లు ద్రావణంలోకి వస్తాయి. మనకు కనిపించే నీలం వాటిదే.

ఉప్పునీళ్లలో ఆక్సైడ్‌కు హైడ్రోజన్ అయాన్లు ఇచ్చేది ఏదీ లేదు. సోడియం, కాపర్ చోట్లు మార్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న, కాస్త ఆగి ఆలోచిద్దాం. అలా మారితే కాపర్ క్లోరైడ్, సోడియం ఆక్సైడ్ రావాలి. సోడియం ఆక్సైడ్ నీళ్లలో నిలవదు, వెంటనే సోడియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అది కాపర్ క్లోరైడ్‌తో కలిస్తే నీలి రంగు కాపర్ హైడ్రాక్సైడ్ అవక్షేపం పడుతుంది. దాన్ని వేడి చేస్తే నల్లటి కాపర్ ఆక్సైడే మిగులుతుంది. అంటే బలవంతంగా ముందుకు నెట్టినా, ఈ చర్య బయల్దేరిన చోటికే వస్తుంది.

అలాగని "లవణాలతో చర్య జరగదు" అని బట్టీ పట్టకండి. అమ్మోనియం క్లోరైడ్, అంటే నవాసారం, లవణమే. కానీ అమ్మోనియం అయాన్ హైడ్రోజన్ అయాన్‌ను ఇవ్వగలదు. అందుకే సోల్డరింగ్ చేసేవాళ్లు వేడి రాగి మొనను నవాసారం దిమ్మకు రుద్దుతారు, దాని మీది ఆక్సైడ్ పొర వదిలిపోతుంది. పేరు ఆమ్లమా, లవణమా అన్నది కాదు, హైడ్రోజన్ అయాన్ ఇచ్చేది ఉందా అన్నదే చూడాలి.

అభ్యాసం: జింక్ ఆక్సైడ్‌ను సజల నత్రికామ్లంలో, పొటాషియం నైట్రేట్ ద్రావణంలో, సోడియం హైడ్రోజన్ సల్ఫేట్ ద్రావణంలో విడివిడిగా వేస్తే ఎక్కడ కరుగుతుంది? ప్రతి జవాబు పక్కనా హైడ్రోజన్ అయాన్ ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. ఇదే జింక్ ఆక్సైడ్ గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌లో కూడా కరుగుతుంది. అదెలాగో 5వ పాఠంలో చూద్దాం.