పాత డెస్క్‌టాప్ సతాయిస్తోందా? మార్చాల్సింది పార్టా, మొత్తం సిస్టమా?

కొత్త సిస్టమ్ ధరలు వెతికే ముందు టాస్క్ మేనేజర్ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లాలి. మీరు రోజూ చేసే పని చేస్తూనే అది చూడాలి. ఖాళీగా ఉన్న సిస్టమ్‌ని చూస్తే ఏమీ తేలదు.

ఆన్ చేశాక నిమిషాల తరబడి డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటోంది

కారణం దాదాపు ఎప్పుడూ తిరిగే హార్డ్ డిస్కే. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదవాలి, ఒక్కోదాని కోసం డిస్క్ హెడ్ అటూ ఇటూ జరగాలి. చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో ఈ తిరుగుడే ఉండదు. మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) లేకపోయినా పర్లేదు, హార్డ్ డిస్క్‌లా కేబుల్‌తో తగిలించే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. విండోస్‌ని అందులోకి మార్చి, పాత డిస్క్‌ని ఫొటోలకు వాడుకోండి. అది టక్ టక్ మంటుంటే మాత్రం ముందు బ్యాకప్, తర్వాతే మిగతావి. నా లెక్కలో ఇది కళ్లు మూసుకుని చేయదగ్గ ఖర్చు. రేపు సిస్టమ్ మార్చినా ఈ ఎస్‌ఎస్‌డీ అందులో పనికొస్తుంది.

నాలుగు ట్యాబ్‌లు తెరవగానే మెమరీ 90 శాతం దాటుతోంది

ర్యామ్ చాలట్లేదు. కొనేముందు మీ ర్యామ్ ఏ రకమో, డీడీఆర్3నో, డీడీఆర్4నో చూసుకోండి. గాడి చోటు వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. డీడీఆర్3 అయితే 8 జీబీ దగ్గర ఆపేయండి, ఆ ర్యామ్ కొత్త బోర్డులోకి రాదు.

ఉన్నట్టుండి ఆగిపోతోంది

ఫ్యాన్‌లో దుమ్ము, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (వేడిని బయటికి పంపేది), లేదా నీరసించిన ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా). టైమ్, తేదీ మాత్రమే తప్పుతుంటే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి, అంతే.

సీపీయూ ఎప్పుడూ 100 శాతమే

ముందు ఏ ప్రోగ్రామ్ తినేస్తోందో చూడండి, వైరస్ కూడా కావచ్చు. మీ పనికే ప్రాసెసర్ చాలట్లేదని తేలితే చిక్కు మొదలైనట్టే. కొత్త ప్రాసెసర్‌కి సాకెట్ (బోర్డు మీద అది కూర్చునే చోటు) కుదరకపోతే బోర్డు మార్చాలి, బోర్డుతో పాటు తరచూ ర్యామూ మార్చాలి. మూడూ మారితే అది కొత్త సిస్టమే, అప్‌గ్రేడ్ అని మనల్ని మనం మభ్యపెట్టుకోవడం దేనికి? ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వాటిలో చాలావరకు బయాస్ (విండోస్ కంటే ముందు బోర్డు నడిపే ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో రైజెన్ 5000 ప్రాసెసర్లను తీసుకుంటాయి. ఆ అప్‌డేట్ పాత ప్రాసెసర్ తీయకముందే చేయాలి.

విండోస్ 11 ఎక్కనంటోంది

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా భాగం) లేదని మెసేజ్ వస్తే కంగారు పడకండి, బయాస్‌లో ఆఫ్ అయి ఉండొచ్చు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేసి చూడండి. ప్రాసెసరే మైక్రోసాఫ్ట్ జాబితాలో లేకపోతే ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ఎంత పెంచినా ఆ జాబితాలోకి రాదు. బ్రౌజింగ్, ఉత్తరాలు టైప్ చేయడం వరకే పని అయితే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకోండి. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద మీ పని ఆధారపడి ఉంటే కొత్త సిస్టమ్ తీసుకోండి. మానిటర్, కీబోర్డ్ పాతవే చాలు.