పెద్దవాళ్లు ఇంట్లో జారి పడకుండా ఏం చేయాలి

ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 60 దాటినవాళ్లే ఎక్కువ.

ముందు బాత్రూమ్ సంగతి చూడండి. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తులో స్టీలు కడ్డీ పెట్టించండి. పిడికిలి చుట్టూ పట్టేలా లావు ఒకటిన్నర అంగుళం మించకూడదు. గోడకీ దానికీ మధ్య ఒకటిన్నర అంగుళం సందు ఉండాలి. టైల్‌కి అతికించే రకం వద్దు, గోడలోకి డ్రిల్ చేసి యాంకర్ బోల్టులతో బిగించాలి. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. కాలు జారినప్పుడు చెయ్యి మాత్రం దాని మీదికే పోతుంది. అరిగిన హవాయి చెప్పులు, కాళ్లకు అడ్డంపడే పంచె కుచ్చిళ్లు కూడా పడేస్తాయి.

రాత్రి లేవగానే నడవనివ్వకండి. మంచం అంచున ఒకట్రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు లేవాలి. బీపీ, నిద్ర మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో తెలియాలంటే, ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పండి. మాత్రలు సొంతంగా ఆపొద్దు.

పడితే కంగారుగా లేపకండి. కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టుంటే తుంటి విరిగి ఉండొచ్చు: నిలబెట్టొద్దు, మర్దన చేయొద్దు, 108కి ఫోన్ చేయండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నానన్నా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.