బ్యాంకు పర్యావరణ లెక్క – 3వ పాఠం: తాళం వేశాక తిరిగే మీటరు

పోయిన పాఠంలో ఒక బ్రాంచి వల్ల గాలిలో కలిసే కార్బన్‌ని మూడు ఖాతాల్లో రాసుకున్నాం. జనరేటర్ డీజిలు, ఏసీల్లోంచి కారిపోయే గ్యాసు స్కోప్ 1. కొనుక్కున్న కరెంటు స్కోప్ 2. కాగితం, ప్రయాణాలు, నగదు తెచ్చే ఏజెన్సీ వ్యాను స్కోప్ 3. బ్యాంకు ఇచ్చే అప్పులు కూడా ఈ మూడో ఖాతాలోకే వస్తాయి. పెద్ద బ్యాంకుల్లో వాటి ముందు మిగతావన్నీ కలిపినా చిన్నవే. ఆ లెక్క వేరు, దానికి తర్వాత విడిగా ఒక పాఠం ఉంటుంది. ఇప్పుడు బ్రాంచి గోడల లోపలే ఉందాం.

ముందు పోయినసారి అభ్యాసానికి జవాబు. మన ఊహా బ్రాంచి ఏడాదికి 36,000 యూనిట్ల కరెంటు, 600 లీటర్ల డీజిలు, 200 రీముల ఎ4 కాగితం వాడింది. ఏసీ మెకానిక్ 2 కిలోల ఆర్-410ఎ గ్యాసు నింపాడు. ఒక్కొక్క దాని వల్ల ఎంత కార్బన్ అన్నది ప్రశ్న. కరెంటు యూనిట్‌కి ఎంత కార్బన్ డయాక్సైడో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటిస్తుంటుంది. మన పాఠాల్లో 0.72 కిలో వాడుతున్నాం. ఆ లెక్కన కరెంటు వాటా 25,920 కిలోలు, అంటే దాదాపు 26 టన్నులు. డీజిలు లీటరుకి 2.68 కిలోల చొప్పున 1.6 టన్నులు. రీము బరువు సుమారు 2.3 కిలోలు కాబట్టి కాగితమంతా కలిపి అర టన్నుకి దగ్గర. కిలో కాగితం తయారీకి కిలో, కిలోన్నర కార్బన్ వేసుకున్నా టన్ను దాటదు.

గ్యాసు దగ్గర చాలామంది తప్పుతారు. రెండు కిలోలే కదా అని వదిలేస్తారు. ఆర్-410ఎ ఒక కిలో గాల్లో కలిస్తే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రెండు కిలోలంటే 4.2 టన్నులు! ఏడాది పొడవునా జనరేటర్ తాగిన డీజిలు, వాడిన కాగితం కలిపినా అంత లేదు. కొత్తగా నింపాల్సి వచ్చిందంటే పాత గ్యాసు ఎక్కడో లీకై పోయిందనే అర్థం. అయినా బిల్లులో 'గ్యాస్ ఫిల్లింగ్ - 1' అని మాత్రమే ఉంటుంది, అది రిపేర్ల పద్దులో కలిసిపోతుంది. మెకానిక్ చేత గ్యాసు పేరు, ఎన్ని కిలోలు అన్నవి బిల్లు మీద రాయించుకోండి. ఈ ఒక్క అలవాటుతో మీ లెక్క సగం మంది లెక్కల కంటే మెరుగవుతుంది. కొత్త ఏసీ కొనేటప్పుడు ఆర్-32 గ్యాసు ఉన్నది తీసుకుంటే ఆ 2,088 కాస్తా 675కి దిగుతుంది.

ఇక అసలు పాఠం. 26 టన్నుల కరెంటులో బ్రాంచి పనివేళల్లో ఎంత, తాళం వేశాక ఎంత?

దీనికి పరికరాలేమీ కొనక్కర్లేదు. 2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. మనకు కావలసింది అదే. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు చివరి మనిషి వెళ్లేటప్పుడు మీటరు రీడింగ్ రాసుకోండి. సోమవారం ఉదయం 9కి మళ్లీ చూడండి. మధ్యలో 63 గంటలు. డిస్‌ప్లే మీద అంకెలు మారుతూ ఉంటాయి. కేవీఏహెచ్ కాకుండా కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్, మనం యూనిట్ అనేది ఇదే) అని ఉన్నప్పుడు చూడాలి. ఇంకో సంగతి, పెద్ద కనెక్షన్లకు కరెంటు బిల్లు మీద మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది. ఉంటే తేడాని దానితో గుణించాలి. మర్చిపోతే లెక్క పది రెట్లో, ఇరవై రెట్లో తగ్గిపోతుంది.

మన బ్రాంచిలో తేడా 95 యూనిట్లు వచ్చిందనుకుందాం. 63తో భాగిస్తే గంటకు ఒకటిన్నర. ఎవరూ లేకపోయినా ఒకటిన్నర కిలోవాట్లు నడుస్తూనే ఉంది. ఏడాదికి 8,760 గంటలు. సిబ్బంది ఉండేది సుమారు 2,800. మిగిలిన 6,000 గంటలకు 9,000 యూనిట్లు. మొత్తం వాడకంలో పావు వంతు, ఆరున్నర టన్నులు. కాగితం పొదుపు చేయండని గోడకి అంటించిన పోస్టరు ఈ అంకె దరిదాపుల్లోకి కూడా రాలేదు. కాగితం తగ్గించొద్దని కాదు. స్టేట్ బ్యాంక్ 2010లో గ్రీన్ చానల్ కౌంటర్లు పెట్టి వోచర్లు రాసే పని తగ్గించింది, అది మంచిదే. చెయ్యి వేయాల్సిన మొదటి చోటు మాత్రం కాగితం కాదు.

ఆ ఒకటిన్నర కిలోవాట్లు ఎక్కడివో వెతకాలి. ఏటీఎం మెషీన్ కన్నా ఆ గది ఏసీయే ఎక్కువ తింటుంది. తర్వాత యూపీఎస్, నెట్‌వర్క్ ర్యాక్, సీసీ కెమెరాలు, రాత్రంతా వెలిగే బోర్డు, ఎవరూ ఆపని వాటర్ కూలర్. బోర్డుకి, కూలర్‌కి టైమర్ పెడితే సరి, అడగాల్సిన పై అధికారి కూడా ఉండడు. ఏటీఎం గదిలో ఏసీని 18 దగ్గర కాకుండా 24 దగ్గర ఉంచండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది.

ఒక్క జాగ్రత్త. ఆదా ఉత్సాహంలో యూపీఎస్ బ్యాటరీల గది ఏసీ కట్టేయకండి. సీల్డ్ లెడ్ బ్యాటరీలు 25 డిగ్రీల దగ్గర బాగా ఉంటాయి. అంతకు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఆ రంగంలో అందరూ వాడే లెక్క. మన ఎండల్లో ఆ పది డిగ్రీలు ఎంతసేపు? ముందే చచ్చిన బ్యాటరీలంటే అదనపు సీసం, అదనపు ఖర్చు. పాత వాటిని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అప్పగించాలి, స్క్రాప్ బండికి వేయకూడదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. స్టేట్ బ్యాంక్ 2010లోనే సొంత వాడకం కోసం తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్‌లలో మొత్తం 15 మెగావాట్ల గాలిమరలు పెట్టింది కదా, ఆ కరెంటుని ఖమ్మంలోని బ్రాంచి తన లెక్కలో తీసేసుకోవచ్చా? కుదరదు. ఆ కరెంటు అక్కడి గ్రిడ్‌లో కలిసింది. బ్రాంచి స్థాయిలో మన గ్రిడ్ సగటు, అంటే ఆ 0.72 ప్రకారమే రాయాలి. బ్యాంకు మొత్తం నివేదికలో మాత్రం అంతర్జాతీయ పద్ధతి ప్రకారం స్కోప్ 2 రెండు రకాలుగా చూపించవచ్చు: గ్రిడ్ సగటుతో ఒకటి, ఒప్పందంతో కొన్న హరిత విద్యుత్తును లెక్కలోకి తీసుకుని ఇంకొకటి. రెండోది మాత్రమే చూపించే నివేదికని అనుమానంగా చదవండి. పైకప్పు సోలార్ సంగతి వేరు, అది మీ మీటరు మీదే తగ్గుతుంది. కాకపోతే మన బ్రాంచీలు చాలావరకు అద్దె కాంప్లెక్సుల్లో గ్రౌండ్ ఫ్లోర్లు, పైకప్పు ఓనరుది. ఓనర్ని ఎలా ఒప్పించాలో వచ్చే పాఠం.

నివేదికలో యూనిట్లు కనబడక తికమక పడకండి. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసిన బీఆర్‌ఎస్‌ఆర్‌లో (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికలో) శక్తిని జౌళ్లలో రాస్తారు. ఒక యూనిట్ 3.6 మెగాజౌళ్లు, వెయ్యి మెగాజౌళ్లు ఒక గిగాజౌల్. మన 36,000 యూనిట్లు 129.6 గిగాజౌళ్లు.

అభ్యాసం

ఒకటి. మీటరు తేడా 12.6, మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్ 10, గడువు 63 గంటలు. తాళం వేశాక నడిచే లోడ్ ఎంత? ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఎన్ని కిలోల కార్బన్, ఎన్ని గిగాజౌళ్లు?

రెండు. ఒక బ్యాంకు కోటి రూపాయల ఆదాయానికి తన ఉద్గారాలు 8 శాతం తగ్గాయని రాసింది. అదే ఏడాది ఆదాయం 12 శాతం పెరిగింది. మొత్తం ఉద్గారాలు తగ్గాయా, పెరిగాయా, ఎంత శాతం?