న్యూట్రోఫిల్‌కు ఆయుష్షు పోసింది వెసికల్సేనా? తేల్చుకోవడం ఇలా

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లందరికీ ఈ ప్రయోగం మీదే మనసు. కీళ్లవాతం ఉన్నవారి కీలు నీటిలోంచి వెసికల్స్ (కణాలు బయటికి వదిలే, పొర చుట్టుకున్న అతి చిన్న సంచులు) తీసి, ఆరోగ్యవంతుల న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) మీద వేస్తారు. మర్నాటికి పోవాల్సిన కణాలు బతికే ఉంటాయి. గ్రాఫ్ చూసి అందరికీ సంబరం. నేను అడిగేది మాత్రం ఒక్కటే: ఆ ట్యూబులోకి వెసికల్స్‌తో పాటు ఇంకేం వచ్చాయి?

న్యూట్రోఫిల్ అసలే అల్పాయుష్షు కణం. రక్తంలోంచి తీసి ప్లేటులో పెడితే ఒక రోజులోనే చాలా భాగం అపోప్టోసిస్‌తో, అంటే కణం తనంతట తానే పద్ధతిగా చనిపోవడంతో, పోతాయి. దాన్ని నిలబెట్టే ఎంసీఎల్-1 అనే ప్రొటీన్ చాలా త్వరగా కరిగిపోతుంది. జీఎం-సీఎస్‌ఎఫ్ లాంటి సంకేతం అందితే మాత్రం అది ఇంకొంతసేపు నిలుస్తుంది. వాపు ఉన్న చోట ఇలా జరిగితే చిక్కే. పోవాల్సిన కణం అక్కడే ఉండి ఎలాస్టేజ్ లాంటి ఎంజైములు వదులుతూ కణజాలాన్ని తినేస్తుంది. అలాగని వెసికల్స్ అన్నీ ప్రాణం పోసేవే అనుకోకండి. ఫాస్ లైగాండ్ (కణానికి చావు సంకేతం ఇచ్చే ప్రొటీన్) మోసుకొచ్చే వెసికల్స్ టీ కణాలను చంపగలవు కూడా.

శాంపిల్ దగ్గర ఎక్కువసేపు ఆగను. కీలు నీరు తీగలా సాగుతుంది కాబట్టి ముందు హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ కలిపి పల్చబరచండి. ప్లాస్మా అయితే సిట్రేట్ ట్యూబులో తీసి, సెంట్రిఫ్యూజ్‌లో 2,500 జీ (భూమి గురుత్వానికి 2,500 రెట్ల బలం) వద్ద 15 నిమిషాల చొప్పున రెండుసార్లు తిప్పండి. ప్లేట్‌లెట్లు మిగిలిపోయి ఫ్రీజర్‌లోకి వెళ్తే అవి పగిలి కొత్త ముక్కలు తయారవుతాయి. హెపారిన్ ట్యూబు వద్దు. కణాలు వెసికల్స్‌ను లోపలికి తీసుకోవడాన్నే హెపారిన్ అడ్డుకుంటుంది.

1,00,000 జీ వద్ద తిప్పితే అడుగున పేరుకునే ముద్దను (పెల్లెట్‌ను) నేను నేరుగా కణాల మీద వేయనివ్వను. వెసికల్స్‌తో పాటు ప్రొటీన్లు కూడా కుప్పగా దిగుతాయి. సైజును బట్టి విడదీసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీదుగా పంపితే కరిగి ఉన్న ప్రొటీన్లు చాలావరకు వెనకబడతాయి. అయినా ప్లాస్మాలో కొవ్వును మోసే పెద్ద లిపోప్రొటీన్లు వెసికల్స్‌తోనే వచ్చేస్తాయి. కణికలను లెక్కపెట్టే ఎన్‌టీఏ మెషీన్ వాటినీ వెసికల్స్ కిందే లెక్కేస్తుంది. కాబట్టి బ్లాట్ (ప్రొటీన్లను గుర్తించే పరీక్ష) మీద వెసికల్స్ గుర్తులైన సీడీ9, సీడీ63, సీడీ81తో పాటు లిపోప్రొటీన్ల గుర్తైన ఏపోలిపోప్రొటీన్ కూడా చూడండి. అది చూడకుండా అంకె మాత్రమే చూపిస్తే నేను నమ్మను.

ఇక అసలు మెలిక. న్యూట్రోఫిల్ ఆయుష్షు పెంచడానికి పిసరంత ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) చాలు, అది బఫర్‌లోంచైనా రావచ్చు, కాలమ్‌లోంచైనా రావచ్చు. పైగా మీ న్యూట్రోఫిల్స్‌లో కాసిని మోనోసైట్లు (ఇంకో రకం తెల్లకణాలు) మిగిలినా అవి ఎల్‌పీఎస్‌కు స్పందించి బతికించే సంకేతాలు వదులుతాయి. ఖ్యాతి వెసికల్స్ కొట్టేస్తాయి. అందుకే ప్లేటులోని ఒక బావిలో (గుంటలో) వెసికల్స్‌తో పాటు, ఎల్‌పీఎస్‌ను కట్టేసే పాలీమిక్సిన్ బీ కలపండి, ఇంకో బావిలో పాలీమిక్సిన్ ఒక్కటే. మరో భాగం వెసికల్స్‌ను మరిగించి వేయండి. మరిగించినా ప్రభావం తగ్గలేదంటే నాకు మొదట అనుమానం ఎల్‌పీఎస్ మీదే, అది వేడికి లొంగదు. జీఎం-సీఎస్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఒక బావికి. కాలమ్‌లోంచి వచ్చిన, వెసికల్స్ లేని భాగం అంతే పరిమాణంలో ఇంకో బావికి. ఖాళీ పీబీఎస్‌ను (ఉప్పునీటి బఫర్‌ను) అదే కాలమ్ గుండా పంపి పట్టినది మరో బావికి. ప్లేటు నిండిపోతుందని టెన్షన్ పడితే డోసులు తగ్గించుకోండి, కంట్రోల్స్ మాత్రం తగ్గించకండి. రోగులవే కాక ఆరోగ్యవంతుల వెసికల్స్ కూడా ఉండాలి. కీలు నీరైతే ఆరోగ్యవంతుల దగ్గర అంతగా దొరకదు కాబట్టి వాపు లేని వేరే కీళ్ల జబ్బు శాంపిల్‌తో పోలుస్తాం.

చావును కొలిచే చోట కూడా ఒక ఉచ్చు ఉంది. చస్తున్న కణాలను గుర్తించడానికి వాడే అనెక్సిన్ వీ పట్టుకునేది, అలాంటి కణం పైకి తేలే ఫాస్ఫటిడైల్ సెరైన్ అనే కొవ్వుని. చాలా వెసికల్స్ పైపొరలోనూ అదే ఉంటుంది. వెసికల్ అతుక్కున్న బతికున్న కణం కూడా కణాలను ఒక్కొక్కటిగా చూసే ఫ్లో సైటోమీటర్‌లో చస్తున్నట్టే కనిపిస్తుంది. అందుకని అదే బావి నుంచి కొన్ని కణాలను సైటోస్పిన్ చేసి (తిప్పి గాజు పలక మీద పరిచి), జీమ్సా రంగు వేసి కేంద్రకం చూడండి: బతికున్న న్యూట్రోఫిల్‌లో తమ్మెలు విడివిడిగా ఉంటాయి, చస్తున్నదానిలో గుండ్రంగా నల్లగా ముద్దకడతాయి. శాతంతో పాటు మొత్తం ఎన్ని కణాలు మిగిలాయో కూడా కౌంటింగ్ బీడ్స్‌తో (ఎన్ని ఉన్నాయో ముందే తెలిసిన పూసలతో) లెక్కపెట్టండి. పూర్తిగా చిట్లిపోయిన కణాలు శాతం లెక్కలోకి రానే రావు.

ఇన్ని వడపోతలు దాటి కూడా ప్రభావం మిగిలితే అప్పుడు ఎంసీఎల్-1, తెగిన కాస్పేజ్-3 (కణం చావు మొదలైందని చెప్పే ఎంజైమ్) బ్లాట్లకు వెళ్లండి. ఒకరి రక్తంతో వేసిన ఆరు బావులు ఆరు ఫలితాలు కావు, ఒక్క ఫలితమే. న్యూట్రోఫిల్స్ ఎంతసేపు బతుకుతాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి ప్రతిసారీ కొత్త దాత రక్తంతో, అన్ని కంట్రోల్స్‌తో మళ్లీ చేయాల్సిందే.