నొప్పి మందుల వాడకం, నాలుగో పాఠం: సగం మాత్ర అంటే సగం మోతాదు కాదు

ఈ పాఠంలో నొప్పి మందుల వల్ల వచ్చే మలబద్ధకం గురించి చెబుతానని గతసారి రాశాను. మూడో పాఠం అభ్యాసంగా మీరు పంపిన మందుల వేళల పట్టికలు చూశాక దాన్ని వాయిదా వేయక తప్పలేదు. మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహా బలమైన నొప్పి) మందుతో మత్తు ఎక్కువైతే వైద్యుడు మోతాదు తగ్గిస్తారని అందులో రాసి, ఆ తగ్గింపు ఎలా జరుగుతుందో చెప్పకుండా వదిలేశాను. ఆ లోపం నాదే. ఫలితంగా పలువురు 12 గంటల మాత్రను (మందును 12 గంటల పాటు కొద్దికొద్దిగా వదిలేదాన్ని) సగానికి కోసి, ఉదయం ఒక ముక్క, రాత్రి ఒక ముక్క అని పట్టికలో రాశారు. తండ్రి మింగలేకపోతున్నారని మాత్రను రెండు చెంచాల మధ్య నలిపి ఇస్తున్నానని ఒకామె రాశారు. మీరెవరైనా ఇలా చేస్తున్నట్లయితే మందును మీ అంతట మీరు మానేయవద్దు, కానీ తర్వాతి మోతాదు వేసే ముందే వైద్యుడితో మాట్లాడండి.

మామూలు మార్ఫిన్ మాత్ర కడుపులో కరిగి, సుమారు అరగంటలో పని మొదలుపెట్టి, నాలుగు గంటలకు తగ్గుముఖం పడుతుంది. పేరు చివర ఎస్.ఆర్., ఈ.ఆర్. వంటి అక్షరాలున్న మాత్రలో ఉన్నదీ అదే మందు. అయితే దాని పైపొర గానీ, లోపలి ముద్ద గానీ మందును పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతుంది. 60 మిల్లీగ్రాముల మాత్ర 12 గంటల్లో ఖర్చవుతుందంటే సగటున గంటకు 5 మిల్లీగ్రాములు. దాన్ని కోస్తే ఆ కట్టడి చెడుతుంది. ఎంత వేగంగా చెడుతుందో తయారీని బట్టి మారుతుంది కనుక, అన్నిటికన్నా చెడ్డ లెక్కే వేసుకోవాలి: ముక్కలోని 30 మిల్లీగ్రాములు, అంటే ఆరు గంటలకు సరిపడే మందు, మొదటి ఒకటి రెండు గంటల్లోనే రక్తంలోకి చేరవచ్చు. తక్కువ వేశామనుకున్నవారు ఆ గంటల్లో ఎక్కువే వేశారన్నమాట. మధ్యాహ్నానికి మందు అయిపోయి నొప్పి తిరగబెడుతుంది. మోతాదు చాలలేదనుకొని రెండో ముక్క, దానిపైన నొప్పి ఉన్నట్టుండి పెరిగితే వేయమని ఇచ్చిన అత్యవసర మాత్ర వేస్తారు. ఇక నలిపిన మాత్రలో 60 మిల్లీగ్రాములకూ అడ్డు ఉండదు. నమిలినా అంతే. మాత్ర మీద గీత కనిపించినంత మాత్రాన విరవవచ్చని అనుకోకండి. ఆ మాట ఫార్మసిస్టు చెప్పాలి.

చర్మం మీద అంటించే, ఫెంటానిల్ అనే మరో ఓపియాయిడ్ మందున్న ప్యాచ్‌కూ ఇదే సూత్రం. సాధారణంగా 72 గంటలకోసారి మార్చే ఆ ప్యాచ్‌ను కత్తిరించకూడదు, దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు. వేడికి మందు చర్మంలోకి వేగంగా దిగుతుంది, జ్వరం వచ్చినా అదే ప్రమాదం. పాతది తీయకుండా కొత్తది అంటించడం తరచుగా జరిగే పొరపాటు. తీసిన ప్యాచ్‌లో కూడా పసిపిల్లల ప్రాణం తీసేంత మందు మిగిలి ఉంటుంది; జిగురు వైపు లోపలికి మడవాలి.

మింగలేనివారికి వైద్యుడు ద్రవరూపంలో మార్ఫిన్ రాయగలరు. అయితే 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాములున్న సీసా ఒకటి, మిల్లీలీటరుకే 20 మిల్లీగ్రాములున్న సీసా ఇంకొకటి ఉంటాయి; రెండిటికీ పదింతల తేడా. నేనైతే చెంచాను నమ్మను, సూది లేని సిరంజితోనే కొలుస్తాను, మందు ఇవ్వడానికి ముందే నోటుపుస్తకంలో టైము రాసుకుంటాను.

మద్యం, నిద్రమాత్రలు ఓపియాయిడ్ మందులతో కలపకూడదని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం. మోతాదు మించినవారు గట్టిగా, గరగరమని గురక పెడుతుంటే హాయిగా నిద్రపోతున్నారని ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోతారు. అలా వెళ్లకండి. భుజం తట్టి పిలవండి. లేవకపోయినా, శ్వాస బాగా నెమ్మదించినా, పెదవులు నీలిబారినా, కంటిపాప సూదిమొనంత చిన్నదైనా వెంటనే అంబులెన్సును పిలిచి, ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలోక్సోన్ మందు ఉంటే ఇచ్చి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి ఆగితే కృత్రిమ శ్వాస ఇవ్వండి. నలోక్సోన్ పని చేసేది 30 నుంచి 90 నిమిషాలే, 12 గంటల మాత్ర అంతకన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది; కాబట్టి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకువెళ్లాల్సిందే.

అభ్యాసం: ఈసారి పని ఎక్కువే. మూడు రోజుల పట్టికను మళ్లీ రాయండి. ప్రతి మందు పక్కన అది ఎన్ని గంటల మాత్రో, సగటున గంటకు ఎన్ని మిల్లీగ్రాములు వదులుతుందో, ఏ రెండు మందులు ఏ వేళలో ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో గుర్తించండి. ఆ మూడు రాత్రులూ రోగి నిద్రలో ఉండగా గడియారం చూస్తూ నిండు నిమిషం శ్వాసలు లెక్కపెట్టి రాయండి. పెద్దవారికి మామూలుగా 12 నుంచి 20 దాకా ఉంటాయి. 10కి తగ్గితే లెక్క ఆపి లేపండి; లేవకపోతే పైన చెప్పినట్లు అంబులెన్సును పిలవండి. పూర్తయిన పట్టికను ముందు మీ ఫార్మసిస్టుకు చూపించి, ఆయన దిద్దిన తర్వాతే నాకు పంపండి. మలబద్ధకం పాఠం వచ్చే దాకా, వైద్యుడు రాసిన విరేచనపు మందును మాత్రం మానకండి.