టర్బో బిగించే ముందు ఫ్యూయల్ పంపు కొలవండి

పంపు అట్టపెట్టె మీద 'గంటకు 255 లీటర్లు' అని ఉంటుంది. ఎంత ప్రెషర్ దగ్గర, ఎన్ని వోల్టులతో అన్నది తెలియకపోతే ఆ అంకెతో పనిలేదు. ప్రెషర్ పెరిగేకొద్దీ ఏ పంపయినా తక్కువే పోస్తుంది. గొట్టం ఊడదీసి బకెట్లోకి వదిలి, ధార చూసి మురిసిపోతే మోసపోతాం.

ముందు లెక్క. టర్బో పెట్రోలు ఇంజన్‌కు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు 270 గ్రాముల పెట్రోలు కావాలనుకోండి. 200 హార్స్‌పవర్‌కు 54 కిలోలు, అంటే దాదాపు 73 లీటర్లు. 20 శాతం మిగులు కలిపితే 88. అర నిమిషానికి 735 మిల్లీలీటర్లు రావాలి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలైతే 8 శాతం అదనం, 800 అనుకోండి.

ఎంత ప్రెషర్ దగ్గర? బేస్ ప్రెషర్ (బూస్ట్ లేనప్పుడు లైనులో ఉండే ప్రెషర్) 3 బార్, టర్బో బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి ప్రెషర్) 1 బార్ అయితే 4 బార్ దగ్గర. మానిఫోల్డ్‌లో (ఇంజన్‌కు గాలి వెళ్లే గొట్టంలో) గాలి ఎదురు తోస్తుంటే ఇంజెక్టర్ వెనక అంత అదనంగా ఉండాల్సిందే.

రిటర్న్ లైను (మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగెళ్లే గొట్టం) ఉన్న కారులో ఈ పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి ఉంటే ఇంజెక్టర్లు తెరుచుకోవు కాబట్టి, పంపు తోసిందంతా రిటర్న్ గొట్టంలోంచే వస్తుంది. పంపు ఫ్యూజు తీసి ఇంజన్ దానంతట అది ఆగేదాకా తిప్పితే లైనులో ప్రెషర్ దిగిపోతుంది. ఫ్యూజు తిరిగి పెట్టండి. ఫ్యూయల్ రైలుకు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి) ప్రెషర్ గేజి తగిలించండి. రెగ్యులేటర్ (లైను ప్రెషర్‌ను అదుపులో ఉంచేది) నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం విప్పి, పెట్రోలుకు పనికొచ్చే గొట్టంతో కొలతలున్న లోహపు డబ్బాలోకి మళ్లించండి. రెగ్యులేటర్ వాక్యూమ్ నిపిల్‌కు చేతిపంపుతో 1 బార్ గాలి పెట్టండి. గేజి 3 నుంచి 4కు ఎక్కాలి. ఆ నిపిల్‌లో పెట్రోలు తడి కనిపిస్తే లోపలి డయాఫ్రమ్ చిరిగినట్టే, ముందు అది మార్చండి.

పంపుకు కరెంటు కలిపే రిలే తీసి, దాని సాకెట్‌లో 30, 87 పిన్నుల మధ్య ఫ్యూజున్న వైరు కలిపితే పంపు తిరుగుతుంది. ఆరుబయట చేయండి, పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచండి. నిప్పురవ్వ డబ్బా దగ్గర పుట్టకూడదు కాబట్టి వైరు కలపడం దూరంగా, రిలే బాక్సు దగ్గరే. సరిగ్గా 30 సెకన్లు. ఇలా మూడుసార్లు.

అసలు పట్టించుకోవాల్సింది వోల్టేజి. ఇంజన్ ఆపిన బ్యాటరీ 12 చిల్లర ఇస్తుంది, రోడ్డు మీద పంపుకు అందేది 13.5కు దగ్గర. అందుకే లైను విప్పకముందే చార్జరు తగిలించి, పంపు తిరుగుతుండగా దాని కనెక్టర్ దగ్గరే మల్టీమీటరుతో చూడండి. బ్యాటరీ దగ్గరికీ పంపు దగ్గరికీ అర వోల్టు కంటే తేడా ఉంటే తప్పు పంపుది కాదు, సన్నటి వైరుది లేదా తుప్పుపట్టిన ఎర్తుది. కొత్త పంపు కొని అదే వైరుకు బిగిస్తే డబ్బు దండగ.

3, 3.5, 4 బార్ దగ్గర విడివిడిగా పట్టి చూడండి. ధార మెల్లగా తగ్గితే సహజం. 3.5 దాటాక ఒక్కసారిగా పడిపోతే పంపు లోపలి రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మించితే వదిలేసే వాల్వు) తెరుచుకుంటోంది. అప్పుడు పంపు మార్చాల్సిందే. మొదటినుంచీ తక్కువైతే ఫిల్టరు మార్చి మళ్లీ కొలవండి. ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు తగ్గితే పంపు గాలి పీల్చి లెక్క తప్పుతుంది.

రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉన్న కార్లలో ఫీడు లైను చివర గేజి, దాని తర్వాత నీడిల్ వాల్వు (ధారను కొద్దికొద్దిగా బిగించే వాల్వు) పెట్టి కొలవాలి. అయితే రెగ్యులేటర్ సెట్టింగు దాటి ప్రెషర్ ఎక్కదు కనుక 4 బార్ పరీక్ష అక్కడ కుదరకపోవచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్, కామన్ రైల్ ఇంజన్ల హైప్రెషర్ వైపు గొట్టాల జోలికి మాత్రం పోవద్దు.